నిద్రపోని ద్రాక్ష

ద్రాక్ష తీగకు నిద్ర కావాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. మాది తమలపాకు తోటలు పెంచే ఇల్లు. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురమూ తీగల మధ్యే పెరిగాం. తీగ అన్నాక నీడలో ఉండాలి, పాదు తడి ఆరకూడదు, ఏడాది పొడుగునా చిగురు వేస్తూనే ఉండాలి. మాకు తెలిసిన విద్య అంతే. తోటలోకి చెప్పులతో వచ్చినవాణ్ణి మా నాన్న కర్ర పుచ్చుకుని తరిమేవాడు. ఆయన కోపం నాకు వచ్చింది. ఆయన చెయ్యి కూడా నాకే వచ్చిందని ఊళ్ళో అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను పొంగిపోయేవాణ్ణి.

గోదావరికి ఆనకట్ట కట్టి, మా వైపు కాలవలు తవ్వుతున్న రోజులవి. ఒక ఏడు శ్రావణంలో వచ్చిన వరద మా ఆకుతోటను తీగలు పాకే అవిసె చెట్లతో సహా ఊడ్చుకుపోయింది. మళ్ళీ తోట వెయ్యాలంటే ఒండ్రు ఆరాలి, అవిసెలు లేవాలి, ఏడాది పైమాటే. అమలాపురం దగ్గర కాలవ పని చూసే దొరగారి బంగళాలో తోటపనికి మనిషి కావాలన్నారని తెలిసి వెళ్ళాను. అప్పటికి నాకు పెళ్ళయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు.

దొరగారు పొద్దస్తమానం గుర్రం మీద కాలవగట్ల వెంట తిరిగేవారు. బంగళాలో ఉండేది దొరసాని గారే. ఆమె రాజమహేంద్రవరంలో ఒక పంతులు గారి దగ్గర తెలుగు నేర్చుకున్నారట. ఆ పంతులు గారు ఆమెకు 'మీరు' నేర్పారు గాని 'నువ్వు' నేర్పలేదు. అందుచేత ఆమె నన్నూ మీరనేవారు, గుర్రం కాసేవాణ్ణీ మీరనేవారు, వరండా ఎక్కిన కుక్కను కూడా "మీరు బయటికి వెళ్ళండి" అనేవారు. మొదటిరోజు నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆమె సంగతి తెలిశాక ఇక నవ్వు రాలేదు.

"మీకు తీగలు తెలుసునా?" అని అడిగారు.

"ఆయ్. మా ఇంట్లో అందరిదీ అదే పనండి."

"అయితే రండి. ఒకటి చూపిస్తాను."

బంగళా వెనక, తూర్పు గోడ వారగా చిన్న పందిరి ఉంది. దాని మీద ఒకే ఒక్క తీగ. ఆకు వెడల్పుగా, అంచులు రంపంలా ఉన్నాయి. తమలపాకులోని నునుపు లేదు, కింద తడిమితే నూగు తగిలింది. పాదు పక్కనే మూరెడు పొడవు తెల్లరాయి నిలబెట్టి ఉంది. దాని మీద వాళ్ళ అక్షరాలు. ఆ రాయి ఏమిటో నేను అడగలేదు. అంత చిన్న రాయి ఎవరి కోసం పెడతారో అడగక్కర్లేదు.

మిగిలిన సంగతి బంగళాలో పనిచేసే ఆయా చెప్పింది. రెండేళ్ళ కిందట జ్యేష్ఠ మాసంలో, పద్నాలుగు నెలల ఆడపిల్ల. జ్వరం పదకొండు రోజులు విడవలేదు. ఆ పదకొండు రోజులూ పిల్ల కన్ను మూయలేదట. తడిగుడ్డలు కట్టారు, విసనకర్రలతో వంతులవారీగా విసిరారు. "ఒక్క గడియ నిద్రపోతే బతికేదయ్యా," అంది ఆయా. "పోయినప్పుడూ కళ్ళు తెరిచే పోయింది. ఈవిడే మూసేరు." శవపేటిక చేయించి ఇంటి ఆవరణలోనే పూడ్చారు. ఆ మరునాడు దొరసాని గారు తొట్టిలో ఉన్న ద్రాక్ష మొక్కను తన చేతులతోనే తెచ్చి ఆ రాయి పక్కన నాటారట.

ఆ ద్రాక్ష గురించి ఆమె నాకు కొంచెం కొంచెంగా చెప్పారు. నేను అరటినారతో తీగను పందిరికి కడుతుంటే పక్కన పేము కుర్చీ వేసుకుని కూచునేవారు. వాళ్ళది మంచు దేశం. చలికాలంలో నది గట్టిపడి దాని మీద బళ్ళు నడుస్తాయన్నారు. గోదావరి మీద బండి తోలినట్టు ఊహించుకుని, ఈ తల్లికి దుఃఖంతో మతి చెదిరిందనుకున్నాను. పైకి మాత్రం ఆయ్, ఆయ్ అంటూ ఊకొట్టాను. ఆ చలిలోనే వాళ్ళ నాన్నగారు ద్రాక్షతోట పెంచేవారట.

"మా నాన్న దగ్గర మూడు రకాలు ఉండేవి," అన్నారు. "ఒకటి చాలా తియ్యగా ఉంటుంది, కాని చలికి చచ్చిపోతుంది. మంచు పడకముందే దాన్ని పందిరి మీదనుంచి దింపి, నేల మీద పడుకోబెట్టి, గడ్డి వేసి మట్టి కప్పుతాం. వేసవి ముందు మళ్ళీ లేపుతాం."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అది మాకూ ఉందండి! ఆకుతీగ ముదిరితే మేమూ దింపి, చుట్ట చుట్టి పాదులో మట్టి కప్పుతామండి. మళ్ళీ చిగురు లేస్తాదండి."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అయితే మీరు మా నాన్నతో మాట్లాడగలరు," అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బిరుదులా ఉంది.

రెండో రకం మధ్యస్థం. సగం చలికి ఆగుతుంది, ఆపైన కొమ్మలు మాడిపోతాయి. మూడోది మాత్రం వాళ్ళ అడవిలో చెట్లకు పాకే ద్రాక్షతో కలిపి పుట్టించిన సంకరం. కాయ చిన్నది, నల్లది, తోలు మందం. ఎంత చలికైనా దానికి దుప్పటి అక్కర్లేదు. ఆకులన్నీ రాల్చేసి, మంచులో బోసిగా, ఎండుకట్టెలా నిలబడుతుంది. గోరుతో బెరడు గీరితే లోపల పచ్చగా ఉంటుంది. వాళ్ళ నాన్నకు అదంటే ప్రాణం. ఆమె పెళ్ళయి ఓడ ఎక్కేటప్పుడు మూడు రకాల కొమ్మలూ నాచులో చుట్టి, బొగ్గుపొడి పోసిన పెట్టెలో పెట్టి ఇచ్చారట. తియ్యటి రకం మా మొదటి వానకే కుళ్ళిపోయింది. రెండోదానికి భాద్రపదంలో తెల్ల బూజు పట్టింది. మంచుకు జంకని ఆ అడవి సంకరమే మా ఉక్కనూ తట్టుకుని బతికింది.

బతకడం బతికింది గాని పువ్వు లేదు. నేను నా విద్యంతా చూపించాను. పైన కొబ్బరి మట్టలు కప్పి నీడ చేశాను. పొద్దున రెండు కడవలు, సాయంత్రం రెండు కడవలు నీళ్ళు పోశాను. వేపపిండి, చెరువు మట్టి వేశాను. తీగ నెలకు మూడు గజాలు సాగింది. కోనసీమలో నా అంత తీగ తెలిసినవాడు లేడని మీసం తిప్పుకున్నాను. దొరసాని గారు మాత్రం రోజూ మధ్యాహ్నం వచ్చి, ఒక ఆకు అంచు పట్టుకుని, "ఇది ఇవాళ కూడా నిద్రపోలేదు," అనేవారు.

నాలుగు రోజులు విని, అయిదో రోజు అడిగేశాను. "తీగకి నిద్రేంటండి?"

"దీనికి చలి కావాలి. చలి తగిలితే ఆకులు రాల్చి మూడు నెలలు పడుకుంటుంది. పడుకుంటేనే పూస్తుంది. ఇక్కడ దీన్ని ఎవరూ పడుకోనివ్వరు. ఎండ పడుకోనివ్వదు, వాన పడుకోనివ్వదు." పట్టుకున్న ఆకు వదిలేసి, "ఎంత అలిసిపోయి ఉంటుందో," అన్నారు. అప్పుడామె తీగ వంక చూడలేదు, రాయి వంక చూశారు.

ఆమె మనసులో ఏముందో అప్పుడు అర్థమైంది. ఆ తీగ నిద్రపోయేదాకా తన పిల్లకూ నిద్ర పట్టదని ఆమె నమ్మకం. ఎవరితోనూ పైకి అనలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి మధ్యాహ్నాలంటే భయం పట్టుకుంది. బంగళా వరండాలో పిల్ల ఉయ్యాల విప్పేశారు గాని కొక్కెం తియ్యలేదు. మిట్టమధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళ, అది కిర్రు కిర్రుమనేది. గాలి ఉందేమోనని కొబ్బరి చెట్ల వైపు చూసేవాణ్ణి. ఒక్క ఆకు కదిలేది కాదు. నేను పాదులో కూచుని గడ్డి పీకుతుంటే ద్రాక్ష నులితీగలు నా మెడకు తగిలేవి. పొద్దున నేను కట్టిన చోటు వదిలి అవి కిందికి, రాయి వైపు, వంగి ఉండేవి. తీగ ఆధారం వెతుక్కుంటుందని నాకు తెలుసు. తెలిసినా వీపు మీద చెమట చల్లబడేది.

పుష్యమాసం వచ్చింది. దొరసాని గారు పసిపిల్లలా చలి కోసం ఎదురుచూశారు. మా చలి ఎంతనీ, తెల్లారుజామున ఒక దుప్పటి, పొద్దెక్కితే అదీ లేదు. తీగ ఇంకా రెండు చిగుళ్ళు వేసింది. అప్పుడామెకు సూరేకారం గుర్తొచ్చింది. దొరగారికి తాగే నీళ్ళు చల్లబరచడానికి బంగళాలో ఒక బస్తా ఉండేది. అది నీళ్ళలో కలిపితే నీళ్ళు చల్లబడతాయి. అందులో సీసా ముంచితే సీసా చల్లబడుతుంది. ఆమె ఆ బస్తా అంతా పాదుకి కేటాయించారు. నేను కలిపాను, నేనే మోశాను, నేనే పోశాను. ఎనిమిది రోజులు, పూటకు పది కడవలు. నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. మంచు దేశం అంటే ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను.

తొమ్మిదో రోజుకి తీగ పిచ్చెత్తినట్టు లేచింది. కణుపు కణుపుకీ రెండేసి చిగుళ్ళు, అరచెయ్యి కన్నా పెద్ద ఆకులు. సూరేకారం మొక్కలకు పెద్ద బలమని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. చలి ఇస్తున్నామనుకుని దానికి మేత పెట్టాం. దొరసాని గారు ఆ పచ్చదనం చూసి నేల మీద చతికిలబడ్డారు. "నిద్రపుచ్చుదామని వచ్చి నేనే లేపేశాను," అని పైకే ఏడ్చారు. పనివాళ్ళ ముందు ఆమె ఏడవగా చూడటం అదే మొదలు. నాకు జాలి వేసింది, అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఖాళీ కడవ గోడకేసి కొట్టాను.

ఆ మాఘంలో అత్తరు అమ్ముకునే ముసలి సాయిబు ఒకడు బంగళాకు వచ్చాడు. హైదరాబాదు అవతల, మెట్ట సీమలో ద్రాక్షతోటలు చూసినవాడు. మా తీగను చూసి గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "చలి లేని చోట చలి మనమే చెయ్యాలి నాయనా. ఆకంతా దూసెయ్యి. కొమ్మ కత్తిరించు. నీళ్ళు బంద్ చెయ్యి. వేళ్ళు తవ్వి ఎండకి పెట్టు, పదిహేను దినాలు. అది చచ్చాననుకుంటాది. తర్వాత మట్టి కప్పి నీళ్ళివ్వు. పూలు అప్పుడొస్తాయి."

నా విద్యకు అది సరిగ్గా తలకిందులు. పాదు ఎండబెట్టడమంటే మా ఇంట్లో పాపం. అయినా నన్ను ఆపింది అది కాదు. అప్పటికి మా ఆవిడకు అయిదో నెల. నాలుగేళ్ళకు కడుపు పండింది. కడుపుతో ఉన్నదాని మొగుడు శవం మొయ్యకూడదు, గొయ్యి తవ్వకూడదు, శ్మశానం వైపు పోకూడదు. మా ఆవిడ ఈ లెక్కలన్నీ రోజూ వల్లించి, "పాము కనబడినా దణ్ణం పెట్టి వచ్చెయ్యండి, తెలిసిందా?" అని నవ్వేది. పెద్దల మాటకు తప్ప దేనికీ భయపడని మొగుణ్ణి ఆడించడం దానికి సరదా. ఆ తీగ వేళ్ళు ఎటు వెళ్ళి ఉంటాయో నాకు తెలుసు. ఆ వేళ్ళను తవ్వడం గొయ్యి తవ్వడమే.

చెయ్యలేనని దొరసాని గారికి చెప్పడానికే వెళ్ళాను. ఆమె నేను నోరు విప్పకముందే అన్నారు. "మూడు పక్కలా ఎవరు తవ్వినా సరే. రాయి వైపు మాత్రం మీరే తవ్వండి. మీ చెయ్యి మెత్తగా ఉంటుంది."

నా చెయ్యి. ఆ మాటతో నేను పడిపోయాను. ఆయ్ అన్నాను.

దొరగారు రాజోలు వైపు వెళ్ళిన రోజు, పొద్దెక్కాక మొదలుపెట్టాను. మూడు పక్కలా ఆయా మొగుడు తవ్వి వెళ్ళిపోయాడు. నాలుగో పక్క నేను పలుగు ముట్టలేదు, కొబ్బరి చిప్పతో గీరాను. ఎండాకాలం దగ్గరపడుతోంది గనక నీరు ఊరలేదు. రెండు మూరల లోతున వేలు లావు వేరు ఒకటి ఏటవాలుగా కిందికి పోయింది. దాన్ని పట్టుకుని పోయాను. అది చెక్కకు తగిలింది. చెక్కల మధ్య సందు ఉంది. వేరు ఆ సందులోంచి లోపలికి వెళ్ళింది. సందులో తెల్లటి గుడ్డ మడత కనబడింది. ఆ గుడ్డ నిండా సన్నటి వేళ్ళు, చేత్తో అల్లినట్టు ఉన్నాయి.

అంతకు మించి చూడలేదు. కళ్ళు మూసుకుని మట్టి చేత్తోనే కప్పేశాను. ఆ ఒక్క వేరుకు ఎండ చూపించలేదు.  కడుపులో ఉన్న నా బిడ్డ గుర్తొచ్చి, ఏడవాలనిపించింది.

లేచి చూస్తే దొరసాని గారు వరండా మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఏమైనా కనబడిందా?"

"లేదండి. మట్టేనండి, అంతానూ."

ఆమె నా మొహం చూడలేదు. నా చేతుల వంకే చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు నేను కాలవలో మూడుసార్లు మునిగి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడకు ఏమీ చెప్పలేదు.

ఆకు మొత్తం దూశాం. కొమ్మలు కత్తిరించాం. నాలుగో రోజుకి తీగ గోధుమరంగు తిరిగింది. పదో రోజుకి ఎండు తాడులా వేలాడింది. దొరసాని గారు గోరుతో బెరడు గీరి, లోపల పచ్చదనం చూసి, "నిద్రపోయింది," అన్నారు గుసగుసగా. ఆ మధ్యాహ్నం ఆమె పేము కుర్చీలోనే నిద్రపోయారు. రెండేళ్ళలో ఆమె పగలు కునుకు తీయడం చూడలేదని ఆయా నోటికి కొంగు అడ్డుపెట్టుకుని ఏడ్చింది. మేమందరం అడుగు చప్పుడు కాకుండా తిరిగాం. కొక్కెం కూడా ఆ పూట చప్పుడు చెయ్యలేదు.

పదిహేను రోజులయ్యాక మట్టి కప్పి నీళ్ళు పెట్టాను. ఫాల్గుణంలో కణుపు దగ్గర కన్ను విచ్చింది. ఆకుతో పాటు ఆవగింజలంత మొగ్గలు వచ్చాయి. వచ్చిన గుత్తులు ఏడు. ఉడతలు, పిట్టలు, ఒక గాలివాన పోగా ఒకటే మిగిలింది. దాన్ని కాపాడటానికి దొరసాని గారు లోపల్నుంచి ఒక చిన్న లేసు టోపీ తెచ్చి, గుత్తికి తొడిగి, నాడా ముడివేశారు. అది ఎవరి టోపీయో నేను అడగలేదు. గాలికి ఆ టోపీ తల ఊపినట్టు ఊగేది. నేను దానికి వీపు పెట్టకుండా పని చేసుకునేవాణ్ణి.

జ్యేష్ఠంలో, పిల్ల పోయిన నెలలోనే, కాయలు నల్లబడ్డాయి. మా ఆవిడకు అప్పుడు తొమ్మిదో నెల. చింతకాయ, మామిడికాయ, ఉసిరికాయ ఏది పెట్టినా చాలక, ఇంకా పుల్లటిది ఇంకా పుల్లటిది అని నన్ను తిప్పేది. ఈ సంగతి నేనే ఒకసారి వేళాకోళంగా దొరసాని గారికి చెప్పాను. నా నోటికి తాళం ఉండదు.

ఆ రోజు ఆమె కత్తెరతో గుత్తి కోశారు. ఒక్క కాయ నోట్లో వేసుకోలేదు. దొరగారు చెయ్యి చాపితే ఆయనకూ ఇవ్వలేదు. అరటాకులో పెట్టి నా చేతికిచ్చారు. "ఇది మీ భార్య గారికి. అన్నీ ఆవిడే తినాలి. ఒక్కటి కూడా పారెయ్యకూడదు."

కాలవగట్టు మీద ఇంటికి నడిచాను. మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తిమీద పేలుతోంది. ఆకులోంచి చేతికి చల్లదనం తగిలింది. చల్లగా ఉండటానికి కారణం లేదు. ఆ కాయలు ఏ గుడ్డలోంచి, ఏ వేరులోంచి వచ్చాయో నాకు తెలుసు. వాటిని తీసుకెళ్ళి తొమ్మిదో నెల గర్భిణి నోట్లో పెట్టాలి. వద్దంటే ఎందుకు వద్దో ఆ తల్లికి చెప్పాలి. ఆకు విప్పాను, మూశాను, మళ్ళీ విప్పాను. లాకుల దగ్గర ఆగి, ఎవరూ లేరని చూసి, గుత్తిని కాలవలో పడేశాను. మునగలేదు. తేలుతూ, తిరుగుతూ, కొంతదూరం నాతో పాటే వచ్చింది. నేను పరుగెత్తాను.

మరునాడు ఆమె మెట్ల మీదే ఎదురుచూస్తున్నారు. "తిన్నారా?"

"ఆయ్. అన్నీ తినేసిందండి."

"ఎలా ఉన్నాయన్నారు?"

నేను ఒక్కటీ ముట్టలేదు. నోటికొచ్చింది చెప్పాను. "మొదట పులుపండి. ఆఖర్న తీపి తగిలిందందండి."

ఆమె మొహం వెలిగిపోయింది. "అవును! మా నాన్న తోటలో కూడా అంతే!" అన్నారు.

ఆషాఢంలో మాకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తుంటే దొరసాని గారు మా ఇంటికి వచ్చారు. పీట వేస్తే వద్దని మట్టి నేల మీదే కూచున్నారు. పిల్లను ఒళ్ళోకి తీసుకుని, చెవి దగ్గర వాళ్ళ భాషలో ఏదో అన్నారు. వెళ్ళేటప్పుడు నన్ను అవిసె మొక్కల దగ్గరకు పిలిచారు.

"మీరు ఆ రోజు నాకోసం అబద్ధం చెప్పారు," అన్నారు. "మీకు కనబడింది. నాకు తెలుసు. ఆ వేరు అక్కడికి వెళ్ళాలనే నేను అక్కడ నాటాను. మా అమ్మాయి అక్కడ ఒక్కతే నిద్ర లేకుండా ఉండకూడదు. ఆ తీగ నిద్రపోయింది, కాసింది, మీ భార్య గారు తిన్నారు. ఇప్పుడు మా అమ్మాయి మీ అమ్మాయి దగ్గర ఉంది. మీరు చాలా మంచివారు."

 ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని నాకు ఆ క్షణానే తెలుసు. చేతులు జోడించాను. ఆమె నా జోడించిన చేతుల్ని పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. నా బతుకులో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు.

మరుసటి ఏడాదే వాళ్ళు ఓడ ఎక్కి వెళ్ళిపోయారు. బంగళాలో కాలవ గుమాస్తాలు చేరారు. తీగ గోడ దాటి పెంకుల మీదికి పాకింది. ఒక పుష్యంలో పడవ మీద పోతూ చూశాను, నిగనిగలాడుతూ పచ్చగా ఉంది. ఆకు దూసి వేళ్ళకు ఎండ చూపిస్తే నిద్రపోయేది. ఎలాగో తెలిసినవాణ్ణి ఈ సీమలో నేనొక్కణ్ణే. వెళ్ళలేదు. ఆ మీదటి పెద్ద వరదకు గోడతో పాటు పోయింది.

ఆమె దగ్గర్నుంచి ఏడాదికొక ఉత్తరం వచ్చేది, తెలుగులో, ఆ పంతులు గారి 'మీరు'తోనే. మొదటిదాన్ని ఊళ్ళో కరణం గారి చేత చదివించుకున్నాను. రెండోది వచ్చేసరికి నా అబద్ధం కరణం గారికి తెలిసిపోతుందని భయం పుట్టి, ముప్పై ఏళ్ళ వయసులో ఇసకలో అక్షరాలు దిద్దాను. ప్రతి ఉత్తరంలోనూ ఆమె అడిగేది ఒకటే మాట: అమ్మాయి బాగా నిద్రపోతోందా?

మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి నిద్ర పట్టని పిల్ల. ఉయ్యాలలో వేస్తే కళ్ళు విప్పుకుని దూలం వంక చూసేది. పెద్దయినా అంతే, కునుకు తీస్తే ఉలిక్కిపడి లేచేది. వైద్యులు వేడి శరీరం అన్నారు. నాకు తెలుసు అది వేడి కాదని. వస్తానన్న చుట్టం దారిలో తప్పిపోతే గుమ్మం వంక చూస్తూ కూచున్నట్టు ఉండేది అది. ప్రతి ఏడూ నేను రాసిన జవాబు మాత్రం ఒకటే: అమ్మాయి బాగా నిద్రపోతోందండి.

నిన్న మొన్న, నాకు పళ్ళూడి మా అమ్మాయికి తల నెరిశాక, మూడేళ్ళుగా ఉత్తరం లేక, ఇక రాదనుకున్నాక ఒక పొట్లం వచ్చింది. పైన ఇంకెవరిదో చేతిరాత. లోపల వాళ్ళ భాషలో ఉన్న చీటీని కాలవ గుమాస్తా చదివి చెప్పాడు. దొరసాని గారు కాలం చేసి మూడేళ్ళు దాటిందట. నాన్నగారి తోటలోని ఆ అడవి రకం తీగనే తన సమాధి దగ్గర నాటించుకున్నారట. మూడు చలికాలాలు మంచులో నిద్రపోయి లేచి, మొదటి కాపు కాసింది. ఆ కాయలు ఎండబెట్టి మీ అమ్మాయికి పంపమన్నది ఆమె ఆఖరి కోరిక అని రాశారు.

పొట్లంలో ఎండి ముడతలు పడిన నల్లటి కాయలు, చారెడు. కాలవ ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచే పోతుంది. ఈసారి అటు చూడలేదు. ముందు ఒకటి నేను నోట్లో వేసుకున్నాను. బోసినోటితో నమిలాను. మొదట పులుపు. ఆఖర్న తీపి తగిలింది. నలభై ఏళ్ళ కిందట నోటికొచ్చినట్టు నేను కల్పించిన మాట, అక్షరం పొల్లుపోకుండా.

మిగిలినవన్నీ మా అమ్మాయి చేతిలో పోశాను.

"ఎవరు పంపేరు నాన్నగారూ?"

"నువ్వు తినమ్మా. ఒక్కటీ పారెయ్యకు."

అది అరుగు మీద కూచుని తింటుంటే నేను లోపల కాగితం ముందేసుకుని కూచున్నాను. చదివే మనిషి లేదని తెలుసు. అయినా రాశాను. గుత్తి కాలవలో పడేశానని రాశాను. మా ఆవిడ ఒక్క కాయా తినలేదని రాశాను. రుచి అబద్ధం చెప్పానని రాశాను. ఆఖర్న, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆమె అడిగినదానికి నిజం రాశాను: అమ్మగారూ, మా అమ్మాయికి నిద్ర పట్టదండి, పుట్టినప్పటి నుంచీ పట్టలేదండి.

సిరా ఆరబెడుతూ అరుగు వైపు చూశాను. మిట్టమధ్యాహ్నం. కొబ్బరాకు కదలడం లేదు. మా అమ్మాయి ఖాళీ పొట్లం చేతిలో ఉండగానే స్తంభానికి తల ఆనించి నిద్రపోతోంది. నేను దగ్గుతూ లేచినా కదల్లేదు. దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. ఊపిరి నెమ్మదిగా, పసిపిల్లలా తీస్తోంది.

తిరిగి వచ్చి కాగితం ముందు కూచున్నాను. ఆ ఆఖరి మాట కొట్టెయ్యాలో ఉంచాలో తోచలేదు. సాయంత్రం దాకా అలాగే కూచున్నాను. అది నిద్ర లేవలేదు.